చెన్నపట్నం నడుమ పడవ దారి

మద్రాసులో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మనవాళ్లు ఈ ఊరికి ఎలా వచ్చారని అడిగి చూడండి. చాలామంది రైలు అంటారు, కొందరు ఎడ్లబండి అంటారు. ఎక్కడో ఒకరు మాత్రం పడవలో అంటారు. పిల్లలు నవ్వుతారు. నెల్లూరు నుంచి మద్రాసుకు పడవేమిటి, సముద్రం మీద వచ్చారా అని అడుగుతారు.

సముద్రం మీద కాదు, సముద్రం పక్కనే తవ్విన కాలువలో వచ్చారు. ఆ కాలువ ఇప్పటికీ ఉంది. చెన్నైలో చదివే మన పిల్లల్లో చాలామంది బడికి పోతూ వస్తూ రోజూ దాన్ని దాటుతూనే ఉంటారు. వంతెన మీద ముక్కు మూసుకుని దాటే ఆ నల్లనీళ్ల పేరు బకింగ్‌హాం కాలువ. ఈ వారం ఉత్తరాన ఎన్నూరు నుంచి దక్షిణాన ముట్టుకాడు దాకా దాని వెంట నిదానంగా ప్రయాణం చేద్దాం. నగరంలో ఇప్పుడు పడవ లేదు కాబట్టి కొంత నడిచి, కొంత రైల్లో పోదాం. పడవ ఉన్న చోట పడవే ఎక్కుదాం.

కాకినాడ నుంచి కదిలితే

ముందు పటం విప్పాలి. కాకినాడ దగ్గర వేలు పెట్టి కిందికి రండి. కాకినాడ కాలువ ధవళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతుంది. అక్కడి నుంచి ఏలూరు కాలువ కృష్ణకు కలుపుతుంది. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ గుంటూరు సీమ మీదుగా పెదగంజాం దాకా వస్తుంది. పెదగంజాం దగ్గర మొదలయ్యేదే బకింగ్‌హాం కాలువ. నెల్లూరు తీరం, పులికాట్ సరస్సు, మద్రాసు దాటి తమిళనాడులోని మరక్కాణం వరకు దాదాపు 420 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. అందులో సగం కంటే ఎక్కువ ఆంధ్ర నేల మీదే ఉంది. అంటే కాకినాడలో ఎక్కిన సరుకు నడిసముద్రం ముఖం చూడకుండానే మద్రాసులో దిగేది. యానాం నుంచి ఈ పేజీ చదివేవారికి ఆ దారి మొదలు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు.

ఇదంతా ఒక్కసారిగా తవ్వింది కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా వచ్చి వ్యాపారిగా ఎదిగిన బేసిల్ కొక్రేన్ సొంత పెట్టుబడితో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 11 మైళ్ల కాలువ తవ్వించాడు. 1806 నాటికి అది పూర్తయింది. అప్పట్లో జనం దాన్ని కొక్రేన్ కాలువ అనేవారు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతికి తీసుకుంది. తర్వాత ఉత్తరంగా, దక్షిణంగా ముక్కలు ముక్కలుగా పొడిగిస్తూ పోయారు.

ఎన్నూరు నుంచి బేసిన్ బ్రిడ్జి

ఎన్నూరు దగ్గర సముద్రపు పాయ భూమిలోకి చొచ్చుకు వస్తుంది. కాలువలో ఉన్నది ఏటి నీరు కాదు, ఉప్పునీరే. ఇలాంటి పాయల గుండా వచ్చే పోటుతో నిండుతుంది, ఆటుతో తగ్గుతుంది. పడవ కదలాలంటే ఆటుపోట్ల లెక్క తెలియాలి. గాలి ఉంటే తెరచాప ఎత్తుతారు. గాలి లేకపోతే గడ వేస్తారు. అదీ చాలకపోతే ఇద్దరు ముగ్గురు గట్టు మీదికి దిగి, పడవకు కట్టిన తాడును భుజాన వేసుకుని లాగుతూ నడుస్తారు. నదులను, పాయలను దాటే చోట్ల నీటిమట్టం తేడా పడుతుంది గనుక లాకులు కట్టారు. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్లకు లాకు అన్న మాట బాగా తెలుసు. లాకు తలుపు తెరిచేదాకా పడవ ఆగాలి, పడవతో పాటు మనమూ ఆగాలి. ఈ ప్రయాణంలో తొందర అన్న మాటకు చోటు లేదు.

ఉత్తరం నుంచి వచ్చే పడవల్లో బియ్యం, ఉప్పు, పులికాట్ వైపు నుంచి సున్నానికి పనికొచ్చే గవ్వలు, గుల్లలు ఉండేవి. శ్రీహరికోట నుంచి వంటచెరకు వచ్చేది. ఇప్పుడు రాకెట్లు ఎగిరే ఆ దీవి ఒకప్పుడు మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపేది. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి, మిగిలిన పాఠం వాళ్లే అడిగి చెప్పించుకుంటారు.

ఎన్నూరు దాటాక కాలువ తిరువొత్తియూరు, తండయార్‌పేట, కొరుక్కుపేట పక్కగా దిగి వ్యాసర్పాడి దగ్గరికి వస్తుంది. ఉత్తర చెన్నైలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా కనిపించే పేటలు ఇవే. పడవలు ఆగడానికి, సరుకు దించడానికి వీలుగా కాలువను వెడల్పు చేసి నీటితొట్టిలా కట్టిన చోటు బేసిన్. దాని పక్కన రైలు వంతెన వచ్చింది, బేసిన్ బ్రిడ్జి అన్న పేరు పడింది. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కు వచ్చే రైళ్లు చివర్లో అక్కడ కాసేపు నిలబడిపోతుంటాయి. సిగ్నల్ ఇవ్వలేదని విసుక్కునేటప్పుడు కిటికీలోంచి కిందికి చూడండి. ఒకప్పుడు పడవలు కూడా అక్కడే ఆగేవి.

ఈ ఉత్తర భాగం బాగా దెబ్బతింది. పరిశ్రమల వ్యర్థాలు, ఇళ్ల మురుగు ఏళ్లుగా ఇందులోకే వస్తున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలో చమురు కలిసి ఈ కాలువ గుండా ఎన్నూరు పాయలోకి చేరింది. మత్స్యకారుల పడవలకు, వలలకు నల్లటి జిడ్డు పట్టింది. ఉప్పు, బియ్యం మోసిన దారి ఆ రోజుల్లో మోసింది అదీ.

ధాత కరువులో తవ్విన ముక్క

సెంట్రల్ స్టేషన్ దాటాక కాలువ కూవం నదిని కలుస్తుంది. కూవం నుంచి అడయారు దాకా ఉన్న సుమారు 8 కిలోమీటర్ల భాగమే అసలు నగరం నడుమ దారి. దీని వెనక ఉన్న కథ మనవాళ్లందరికీ తెలియాలి.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కరువు పీడించింది. మొదలైనది ధాతు నామ సంవత్సరం కాబట్టి మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. తమిళులు కూడా ఆ సంవత్సరం పేరుతోనే, తాదు వరుష పంజం అని చెప్పుకుంటారు. లక్షలాది మంది చనిపోయారు. కరువు బాధితులకు పని కల్పించాలని ప్రభుత్వం చేపట్టిన పనుల్లో కూవాన్నీ అడయారునూ కలిపే ఈ కాలువ ఒకటి. 1877, 1878 సంవత్సరాల్లో ఆకలితో నగరానికి వచ్చిన జనం దీన్ని తవ్వారు. ఆ కరువులో మద్రాసు రాజధాని సహాయ పనుల్లో కొంతకాలం మగ మనిషి రోజు కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఎండలో మట్టి తవ్వే మనిషికి అది ఏ మూలకు సరిపోతుందో తల్లులకు వేరే చెప్పాలా?

పూర్తయిన కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ తవ్వినవాళ్లలో తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా అని పిల్లలు అడగవచ్చు. కరువు నెల్లూరు, కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలనూ తాకిందని చెప్పి, మిగతాది వాళ్ల ఊహకు వదిలేస్తే చాలు.

రైలు కింద కాలువ

ఈ ముక్కను చూడటానికి మేము ఎంచుకున్న వాహనం ఎత్తు స్తంభాల మీద నడిచే లోకల్ రైలు. చేపాక్ స్టేషన్‌లో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. తిరువల్లిక్కేణి, లైట్ హౌస్, తిరుమయిలై, మందవెళి, గ్రీన్‌వేస్ రోడ్ అని ఒక్కొక్క స్టేషనూ వస్తుంటే, కింద కాలువ కనిపిస్తూ దాగుతూ ఉంటుంది. రైలు కాలువ పక్కన పోవడం లేదు, చాలాచోట్ల కాలువ మీదే పోతోంది. స్తంభాలు నీళ్లలోనే దిగాయి. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా, 1997లో తిరుమయిలై దాకా ఈ లైను మొదలైంది. భూమి దొరకని నగరంలో కాలువ ఖాళీ జాగాలా కనిపించింది. స్టేషన్లు, స్తంభాలు వచ్చాక ఈ భాగంలో పడవ నడిపించే మాట దాదాపు ముగిసిపోయినట్టే.

మైలాపూరులో దిగి కాసేపు నడిచాం. అక్కడి పాత కూరగాయల బజారు పేరు తణ్ణీర్ తురై మార్కెట్. తణ్ణీర్ అంటే నీళ్లు, తురై అంటే రేవు. ఇప్పుడు అక్కడ నీళ్లూ లేవు, రేవూ లేదు. కాలువ పడవల్లో వచ్చిన సరుకు ఇక్కడికి చేరేదని మైలాపూరు పాతవాసులు చెబుతారు. ఊరు మరిచిపోయినదాన్ని పేరు గుర్తుంచుకుంది. పొట్టి శ్రీరాములు గారు 1952లో ప్రాణాలు విడిచిన బులుసు సాంబమూర్తి గారి ఇల్లు కూడా ఈ మైలాపూరులోనే, రాయపేట హైరోడ్డు మీద ఉంది. కాలువ చూడటానికి పిల్లలను తీసుకొచ్చే బడులు ఆ స్మారక భవనాన్నీ అదే పూట చూపించవచ్చు.

తమిళ కవి భారతిదాసన్ 1930లలో మిత్రులతో కలిసి మద్రాసు నుంచి మహాబలిపురానికి ఈ కాలువలోనే పడవ మీద వెళ్లారు. ఆ ప్రయాణాన్ని 'మావలిపురచ్ చెలవు' అనే కవితగా రాశారు. విహారంలోని సంతోషంతో పాటు పడవను లాగే కూలీల కష్టమూ అందులో ఉంది. మన పిల్లలు తమిళమూ చదువుతున్నారు కదా. తెలుగు మాస్టారు కాలువ కథ చెప్పిన వారంలోనే తమిళ అయ్య ఆ కవిత చెబితే, రెండు పీరియడ్లూ ఒకే పాఠమవుతాయి.

పడవలు ఎందుకు ఆగాయి

రైలు, తర్వాత లారీ వచ్చి సరుకును పట్టుకుపోయాయి. 1965, 1966 సంవత్సరాల్లో వచ్చిన తుపాన్లు గట్లను, లాకులను బాగా దెబ్బతీశాయి. బాగుచేయడం మీద శ్రద్ధ తగ్గింది. పూడిక చేరింది, గట్ల మీద ఇళ్లు లేచాయి, మురుగు తూములు వచ్చి కలిశాయి. 2008లో కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అయినా చెన్నై నడుమ మాత్రం సరుకు పడవ తిరిగి రాలేదు.

పడవ లేదు కదా అని కాలువకు పనిలేదనుకోకూడదు. 2004 సునామీ నాడు సముద్రపు నీరు చాలాచోట్ల ఈ కాలువలో నిండి, మళ్లీ సముద్రానికి తిరిగిపోయింది. కాలువకు అవతలి వైపున్న పల్లెలకు దెబ్బ తగ్గిందని తర్వాత పరిశీలించినవారు చెప్పారు. వాననీరు సముద్రానికి పోయే దారుల్లో ఇదీ ఒకటి. 2015 వరద చూసిన తల్లిదండ్రులకు దారి మూసుకుపోతే నీరు ఎక్కడికి వస్తుందో తెలుసు.

ఇంకొక మాట. పడవలు ఆగాక కృష్ణమ్మ మరో కాలువలో మద్రాసుకు వచ్చింది. 1983లో కుదిరిన తెలుగు గంగ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి పూండి జలాశయానికి నీరు తెచ్చే కాలువ తవ్వారు. 1996లో కృష్ణా నీరు తమిళనాడు చేరింది. పాత కాలువ తెలుగు నేల బియ్యాన్ని తెచ్చింది, కొత్త కాలువ తాగునీరు తెస్తోంది.

గట్టు మీది ఇల్లు మారితే బడి?

కాలువను బాగుచేయాలంటే గట్లు ఖాళీ కావాలి. గట్ల మీద ఉన్నవి ఎక్కువగా పేదల ఇళ్లు. కూవం, బకింగ్‌హాం గట్ల నుంచి తరలించిన కుటుంబాలకు నగరం దక్షిణ అంచున కణ్ణగి నగర్, పెరుంబాక్కం లాంటి చోట్ల ఇళ్లు ఇచ్చారు. నగరంలో పారిశుద్ధ్య పని చేసే కుటుంబాల్లో ఇంట తెలుగు మాట్లాడేవి ఎన్నో ఉన్నాయి. ఉత్తర చెన్నై పేట నుంచి దక్షిణపు అంచుకు పోవడమంటే పెద్దవాళ్లకు పని దూరమవుతుంది, పిల్లలకు తెలుగు చెప్పే బడి దూరమవుతుంది. మధ్యలో బడి మానేసే ప్రమాదం ఉన్నది కూడా ఇక్కడే.

అలాంటి నోటీసు అందిన తల్లిదండ్రులకు తెలియాల్సినవి రెండు ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో మరో బడికి మారే హక్కు పిల్లలకు ఉంది. ప్రధానోపాధ్యాయులు బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలి. ఆ పత్రం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. రెండోది, రాజ్యాంగం 350ఎ అధికరణం. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి రాష్ట్రాలు, స్థానిక సంస్థలు ప్రయత్నించాలని అది చెబుతుంది. ఒక్కరు అడిగితే అర్జీ మూలన పడవచ్చు. ఒకే చోటికి మారుతున్న తెలుగు కుటుంబాలన్నీ పిల్లల పేర్లు, తరగతులు రాసి, సంతకాలు పెట్టి ఒకే అర్జీగా ఇస్తే ఎంతమందికి తెలుగు అయ్యవారు కావాలో లెక్క తేలుతుంది. పాత బడి ఉపాధ్యాయులు ఆ జాబితా రాయడంలో సాయపడితే సగం పని అయినట్టే.

ముట్టుకాడులో పడవ

అడయారు దాటాక కాలువ తిరువాన్మియూరు, పెరుంగుడి, షోలింగనల్లూరు మీదుగా దక్షిణానికి పోతుంది. పాత మహాబలిపురం రోడ్డుకూ తీరం వెంట వెళ్లే రోడ్డుకూ మధ్య ఒదిగి ముట్టుకాడు చేరుతుంది. అక్కడ నీళ్లు విశాలంగా పరుచుకుంటాయి. రాష్ట్ర పర్యాటక సంస్థ నడిపే పడవల రేవు ఉంది. మా ప్రయాణంలో నిజంగా పడవ ఎక్కింది అక్కడే. గాలి ఉప్పగా తగులుతుంటే, ఎన్నూరు నుంచి ఇక్కడి దాకా ఒకప్పుడు గడ వేసుకుంటూ వచ్చినవాళ్లు ఎన్ని పూటలు పడవలోనే వండుకుని తిన్నారో అని మాట్లాడుకున్నాం.

తరగతి గదిలో

ఈ కాలువతో పిల్లలకు చేయించగల పనులు కొన్ని.

మాటల పట్టిక రాయించండి. తెలుగులో కాలువ, తమిళంలో కాల్వాయ్, కన్నడంలో కాలువె, మరాఠీలో కాలవా. నాలుగూ చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో పిల్లలే చెబుతారు. మన పడవ తమిళంలో పడగు. మనకు ఓడ అంటే సముద్రం మీద పోయే పెద్దది, తమిళంలో ఓడం అంటే చిన్న పడవ. మరాఠీలో పడవను హోడీ అంటారు. మన దోనె తమిళంలో తోణి, కన్నడంలో దోణి. గడ, తెరచాప, చుక్కాని, సరంగు, రేవు, లాకు, ఆటు, పోటు అన్న మాటలను బొమ్మ గీసి గుర్తించమనండి.

ఇంట్లో తాతనో, అవ్వనో, జేజినో మూడు ప్రశ్నలు అడిగి రాసుకు రమ్మనండి. మన కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చింది? ఏ దారిన వచ్చింది? వచ్చేటప్పుడు వెంట ఏం తెచ్చుకున్నారు? జవాబులు వాళ్లు చెప్పిన యాసలోనే రాయాలి, దిద్దకూడదు.

మద్రాసుకు దూరంగా ఉన్న బడులూ ఊరుకోనక్కరలేదు. బెంగళూరు పిల్లలకు చెరువులను కలిపే రాజకాలువెలు ఉన్నాయి. పుణె పిల్లలకు నగరం మధ్య నుంచి పోయే ముఠా కాలువ ఉంది. ఒడిశాలో కటక్ జోబ్రా దగ్గర మొదలయ్యే తాళదండ కాలువ ఉంది. యానాం పిల్లలకు గౌతమి గట్టే ఉంది. మీ ఊరి కాలువ పేరేమిటి, ఎవరు తవ్వారు, అందులో ఇప్పుడు ఏం పారుతోంది అన్న మూడు విషయాలూ ఒక పేజీలో రాయిస్తే చాలు.

చెన్నై బడులు పిల్లలను తీసుకెళ్లాలనుకుంటే చేపాక్ నుంచి తిరువాన్మియూరు దాకా లోకల్ రైలు ఒక పూటకు సరిపోతుంది. రద్దీ తగ్గాక, పది గంటల తర్వాత బయల్దేరండి. ప్రతి బిడ్డకూ ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, కాలువ ఎన్నిచోట్ల కనిపించింది, ఏ స్టేషన్ దగ్గర ఎలా ఉంది అని గుర్తు పెట్టుకోమనండి. కిటికీ పక్క సీట్లు చిన్న తరగతుల పిల్లలకే వదలండి.